చాలు అనే చీమ

అనగనగా ఒక టేకు అడవిలో, ఎండుటాకుల కింద ఒక గండుచీమల పుట్ట ఉండేది. దాని వాకిట్లో నాలుగు కాపలా చీమలు. అన్నిట్లోకీ పెద్దది గుర్తవ్వ. ఒకసారి వచ్చిన దొంగ వాసన జన్మలో మర్చిపోదు. కబురు అనే చీమ పరుగెత్తి అందర్నీ పిలుస్తుంది. దాని అక్క కత్తెర కొరుకుతుంది. ఇక నాలుగోది నిదానం. పోట్లాట అయ్యాక మీసాలతో తట్టి "చాలు అక్కా" అంటుంది, అంతే.

నవ్వకండర్రా. జబ్బులు రాకుండా మన ఒంట్లో కాపలా కాసే టీ కణాల్లోనూ ఇలాగే పిలిచేవి, చంపేవి, గుర్తుంచుకునేవి, ఆపేవి ఉన్నాయి.

ఒకరోజు కత్తెర నిదానాన్ని నిలదీసింది. "గుర్తవ్వ వాసన పడుతుంది. నా చెల్లెలు కబురు మోస్తుంది. నేను ప్రాణాలకి తెగించి కొరుకుతాను. తిన్న గింజ అరగడానికి నువ్వేం చేస్తున్నావే?"

"ఆపుతాను అక్కా," అంది నిదానం.

"అదీ ఒక పనేనా? పో, ఇంకెక్కడైనా ఆపుకో."

నిదానం తల వంచుకుని వెళ్లిపోయింది. "తొందరపడ్డావే," అని గుర్తవ్వ గొణిగింది. కత్తెర వినకుండా దవడలు నూరుకుంటూ పోయింది.

మూడోనాడు ఎర్రచీమలు గుడ్ల కోసం వచ్చిపడ్డాయి. గుర్తవ్వ దూరం నుంచే పసిగట్టింది. కబురు పరుగెత్తి దండుని పిలిచింది. కత్తెర దొరికినదాన్ని దొరికినట్టు కొరికింది. ఎర్రచీమలు పారిపోయాయి. తోకలుంటే ముడుచుకునే పోయేవి.

అయినా కత్తెర ఆగలేదు. చీమలకి చూపు తక్కువ. తమవాళ్లెవరో పైవాళ్లెవరో వాసనే చెప్పాలి. ఆరోజు పుట్టలో అందరికీ ఎర్రచీమల వాసన అంటుకుని ఉంది. కత్తెర గింజలు మోసే చీమని కొరికింది. గుడ్లు చూసుకునే చీమని కొరికింది. మూడోసారి పట్టుకున్న కాలు పటుక్కున తెగింది.

"అక్కా, నేనే," అంది కబురు.

కత్తెర కూలబడిపోయింది. "నన్ను ఆపేవాళ్లే లేరా?" అంది. ఆపేదాన్ని వెళ్లగొట్టింది తనే.

ఆ పూటే ఆకు ఆకూ తిరిగి నిదానాన్ని వెతికి పట్టుకుంది. "నా చెల్లెల్ని నేనే కుంటిదాన్ని చేశానే. ఇంటికి రా," అని ఏడ్చింది. నిదానం దెప్పలేదు, వెంట నడిచింది.

వానలు పడ్డాక ఎర్రచీమలు మళ్లీ వచ్చాయి. గుర్తవ్వకి తెలిసిన వాసనే కాబట్టి పోట్లాట తొందరగా ముగిసింది. "చాలు అక్కా," అని నిదానం తట్టింది. అప్పటికే కత్తెర దవడల మధ్య ఒక మెడ ఉంది. ఎర్రచీమల వాసన గుప్పుమంటోంది. కత్తెర నోరు తెరిచింది. అందులోంచి కబురు బయటికొచ్చి, అయిదు కాళ్ల మీద కుంటుకుంటూ గుడ్ల గదికి పోయింది.

నీతి: కాపాడాలంటే కొట్టే బలం ఒక్కటే చాలదు, ఆపేవాళ్ల మాట వినే బుద్ధీ ఉండాలి.