మీ స్పందనకు ధన్యవాదాలు

ఎవరు ఏ ప్రశ్న వేసినా కోటిలింగం మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. "కూర్చో" అంటారు. ఆ తర్వాత ఏదో ఒకటి జరుగుతుంది, అదే జవాబనుకోవాలి. మునిసిపల్ హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చదువుకుని రాజకీయాల్లోకి దిగినవాళ్ళు, ఏ పార్టీవాళ్ళయినా సరే, ఎన్నికలు వచ్చాయంటే ఒకసారి ఆ అరుగెక్కి వెళ్ళాల్సిందే. ఆ ఇంటికి ఇంకో ఆచారం కూడా ఉంది. మధ్యాహ్నం వేళ గడప తొక్కినవాణ్ణి మాస్టారు "భోజనం చేశావా?" అని అడుగుతారు. లేదంటే ఆయన భార్య హైమావతమ్మగారు ఇంకో విస్తరి వేస్తారు. మొహమాటపడి అయిందన్నా వేస్తారు. నేనూ ఆయన శిష్యుణ్ణే. నాకు సందేహాలన్నీ సరిగ్గా ఆ వేళకే వస్తుంటాయి.

ఆ రోజు నేను విస్తరి ముందు కూర్చోబోతుండగా త్రినాథ్ వచ్చాడు. మా వార్డుకి కౌన్సిలర్‌గా నిలబడ్డాడు. పోయినసారీ నిలబడి ఓడిపోయాడు. ఓడించింది కాలువ వీధి. ఆ ఒక్క వీధీ మొత్తంగా అవతలివాడికి గుద్దేసింది. మెడలో కండువా, ముఖం నిండా చెమట, చేతిలో ఫోన్. అరుగు మీద కూలబడి ఒక్క గుక్కలో చెప్పుకొచ్చాడు.

"మాస్టారూ, ఈసారి నేను చెయ్యని పని లేదు. వెబ్‌సైటు పెట్టాను. ఫేస్‌బుక్ పేజీ పెట్టాను. వార్డులో ఎవరైనా సరే, ఇంట్లో కూర్చుని నన్ను ప్రశ్న అడగొచ్చు. రెప్పపాటులో జవాబు వెళ్తుంది. రోజుకో పోల్ పెడుతున్నాం. వేలమంది చూస్తున్నారు, లైకులు కొడుతున్నారు. జవాబు అందని మనిషి ఒక్కడు లేడు. అయినా పొద్దున్న కాలువ వీధిలోకి వెళ్తే ముఖం మీదే తలుపులేసుకున్నారు. ఈసారి కూడా ఓడిపోతే నేనిక రాజకీయం మాట ఎత్తలేను మాస్టారూ. ఇంతమందితో మాట్లాడుతున్నానే, వాళ్ళకేం తక్కువ చేశాను?"

గొంతు బొంగురుపోయింది పాపం. నాకు జాలేసింది. మాస్టారు మాత్రం "కూర్చో" అన్నారు. కాళ్ళు కడుక్కుని వచ్చి, త్రినాథ్ వైపు తిరిగి, ఎప్పటిలాగే అడిగారు.

"భోజనం చేశావా?"

"లేదు మాస్టారూ. పొద్దున్నెప్పుడో రెండు ఇడ్లీలు తిన్నాను, అంతే. కళ్ళు తిరుగుతున్నాయి."

"చాలా సంతోషం నాయనా. నీ స్పందనకు ధన్యవాదాలు" అని రెండు చేతులూ జోడించి, లోపలికొచ్చి తన విస్తరి ముందు కూర్చున్నారు.

నాకు ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. అన్నం గిన్నెతో వచ్చిన హైమావతమ్మగారు "అయ్యో రామ! అదేమిటండీ, పిల్లాడు ఆకలంటుంటే" అంటూ విస్తరాకు కోసం వెనక్కి తిరిగారు. మాస్టారు ఎడమచెయ్యెత్తి ఆగమన్నారు. ఆ ఇంట్లో అలాంటిది నేనెన్నడూ చూడలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. త్రినాథ్‌కి మొదటి బంతి ఎదురుగా ఉండి కూడా అందలేదు.

మాస్టారు తీరిగ్గా పప్పు కలుపుకున్నారు, నెయ్యి వేసుకున్నారు. రెండు ముద్దలు తిని, గుమ్మంలోంచి అరుగు వైపు చూసి మళ్ళీ పలకరించారు.

"త్రినాథా, ఇవాళ మామిడికాయ పప్పు. నీకు ఇష్టమా, కాదా? రెండిట్లో ఒకటి చెప్పు."

"ఇష్టమే మాస్టారూ" అన్నాడు వాడు, ఆశగా లేచి.

"భేష్. అడిగినవాళ్ళందరూ ఇష్టమే అన్నారు. మీ ఆదరణే మాకు బలం."

మళ్ళీ నమస్కారం పెట్టారు. మళ్ళీ ముద్ద కలుపుకున్నారు. నాకు నవ్వు తన్నుకొస్తోంది, నవ్వితే నా విస్తరి కూడా ఎక్కడ లేచిపోతుందోనని భయం.

త్రినాథ్ ముఖం జేవురించింది. ఎంత గురువైతే మాత్రం, ఎంతకని ఓర్చుకుంటాడు!

"ఏమిటి మాస్టారూ ఇది! ఆకలేస్తోందని చెప్పాను కదా. మీకు వినపడలేదా?"

"వినపడింది. జవాబు కూడా ఇచ్చాను కదా నాయనా."

జవాబన్న మాట వాడికి ఎక్కడో తగిలినట్టుంది. మెల్లగా ఫోన్ తీసి, తన పేజీలోనే వేలితో వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుకుంటూ పోయాడు. జవాబులు రాసేది తను కాదు. పట్నం నుంచి తెచ్చిన కుర్రాళ్ళు ముగ్గురు లాడ్జి గదిలో కూర్చుని రాస్తున్నారు. తను ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు చదివాడు. కాలువ వీధి పైడమ్మ అట, కొళాయిలో మురుగు కలిసి వస్తోందనీ, తన కూతురికి కామెర్లనీ రాసింది. కింద తన ఫొటోతో జవాబు: "మీ స్పందనకు ధన్యవాదాలు అమ్మా. మన వార్డు, మన గర్వం." పక్కన ఒక గులాబీ. ఆవిడ మళ్ళీ రాసింది. మళ్ళీ అదే జవాబు, ఈసారి పువ్వు మందారం. ఆ కిందే వార్డుకి పార్కు కావాలా జిమ్ము కావాలా అని పోల్.

"ఇది మీరు చూశారా మాస్టారూ?" అన్నాడు, తలెత్తకుండానే.

"మీ అమ్మగారు రోజూ చదివి వినిపిస్తుంది" అన్నారాయన, భార్య వైపు చూపిస్తూ.

అప్పటికి హైమావతమ్మగారి ఓపిక అయిపోయింది. మొగుడు చెయ్యెత్తినా, కాలెత్తినా లెక్కచెయ్యకుండా విస్తరి వేసి వడ్డించేశారు. "తిను నాయనా. ఈయన పాఠాలకేం, ఎప్పుడూ ఉండేవే" అన్నారు. త్రినాథ్ తలొంచుకుని తిన్నాడు. మారు వడ్డిస్తుంటే వద్దన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవకాయ కారమనుకుందామంటే విస్తట్లో ఆవకాయే లేదు.

చెయ్యి కడుక్కుని లేస్తూనే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. "ఒరేయ్, కెమెరా పట్టుకుని కాలువ వీధి మొదట్లోకి రండి. పైడమ్మగారింటికి వెళ్తున్నాం. లైవ్ పెట్టాలి."

మాస్టారు వక్కపలుకు నోట్లో వేసుకుంటూ, "విస్తరి వెయ్యకముందే త్రేన్పా?" అన్నారు.

త్రినాథ్ ఫోన్ పెట్టేశాడు. కండువా తీసి అరుగు మీద పెట్టి వీధిలోకి నడిచాడు. ఏం జరుగుతుందో చూడకపోతే నాకు తిన్నది అరగదు, నేనూ వెంటపడ్డాను.

పైడమ్మ తలుపు సగమే తీసింది. ఎండన పడి ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వడం మా వైపు మర్యాద. ఎవరనీ అడగలేదు, ఎందుకొచ్చావనీ అనలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"తాగండి బాబూ. మేమైతే కాచి వడగట్టుకుంటాం. మీకని పట్టినవి పట్టినట్టే తెచ్చాను."

వాసన నాదాకా వచ్చింది. త్రినాథ్ తాగలేకపోయాడు, కింద పెట్టనూలేకపోయాడు. లోపల మంచం మీద పిల్ల పసుప్పచ్చటి కళ్ళతో అతన్నే చూస్తోంది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు. "మీరు రాసింది నేను చదవలేదు."

"మీ ఫొటో పక్కనే ఉంది కదా బాబూ, మీరే చదివారనుకున్నాం. చదివి పువ్వులిచ్చారనుకున్నాం. వీధంతా అదే అనుకుంది. అందుకే తలుపులేసుకున్నాం."

త్రినాథ్ ఆ నీళ్ళు సీసాలో పోయించుకున్నాడు. తిన్నగా మునిసిపల్ ఆఫీసుకి పోయి ఇంజనీరుగారి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. రేపు చూద్దామన్నారు. సరే, రేపటిదాకా ఇక్కడే కూర్చుంటానన్నాడు. పొద్దుగూకేలోపు మనుషులొచ్చి వీధి మలుపులో తవ్వారు. మురుక్కాలువలో నానుతున్న పైపు చిల్లుపడి కనిపించింది, మార్చారు. ఫొటో తియ్యడానికి అక్కడ ఎవరూ లేరు. పిల్లని వాళ్ళమ్మ మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. తేరుకుంటుందన్నారు.

పోలింగు ముందు మళ్ళీ అరుగెక్కాడు త్రినాథ్. మనిషి నలిగిపోయాడు, గొంతు మాత్రం నెమ్మదించింది. కాలువ వీధి ఎటు మొగ్గుతుందో ఇప్పటికీ తెలియదన్నాడు. ఎవర్నీ ఓటడగలేదట, అడగడానికి నోరు రాలేదట.

"మాస్టారూ, బుద్ధొచ్చింది. ఆ కుర్రాళ్ళని పంపించేశాను. వెబ్‌సైటు, పేజీ అన్నీ ఎత్తేస్తున్నాను. గడపగడపకీ తిరుగుతాను, అంతే."

ఇదే సరైన మాటని నాకూ అనిపించింది. మాస్టారు మెచ్చుకుంటారని చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వాడివైపు కాస్త చిరాగ్గానే చూశారు.

"ఎందుకురా ఎత్తెయ్యడం? పైడమ్మ నీ తలుపు తట్టింది అక్కడే కదా."