ముల్లు తీసిన బొమ్మ

పిల్లలూ, ఈ కథ మీకు ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పే. ఇంత దూరాన, తెలియని పిల్లల మధ్య చదువుకుంటున్నారు. వినండి.

కాలవలు తవ్వకముందు, కచేరీలు కట్టకముందు, ఒక ఊరికి తోలుబొమ్మలాడించే హనుమక్క వచ్చింది. ముసలిది. ఒంటరిది. బడి అరుగు మీద దిగింది.

ఆ బడిలో గంగి చదివేది. బుట్టలల్లే వాళ్ల పిల్ల. దాహమేసినా ఆ పిల్ల బడిలోని నీళ్ల కుండ ముట్టకూడదట. కరణం గారి కొడుకు వీరభద్రం కుండ ఎత్తి, కావాలని ముఖం మీద పోసేవాడు. "పట్టవే దోసిలి!" మొదటి రోజు పోశాడు, బడంతా నవ్వింది. రెండో రోజు పోశాడు, బడంతా నవ్వింది. మూడో రోజు పోశాడు, బడంతా నవ్వింది. గంగి తడిసిన పలక తుడుచుకుంటూ అరుగు మీదికి వచ్చింది.

"రేపట్నుంచి నేను రానవ్వా."

హనుమక్క పంతులు దగ్గరికి వెళ్లింది. "అయ్యా, పిల్లలకు ఒక ఆట చూపిస్తాను."

"ఏం ఆట?"

"కుండ ఆట."

పంతులు గొంతు తగ్గించాడు. "కరణం గారికి తెలిస్తే నీ బొమ్మలు పొయ్యిలోకి పోతాయి. తర్వాత నీ ఇష్టం."

తలుపులు మూసి, తెర కట్టి, వెనక దీపం పెట్టింది. తెర మీద ఒక ఆడపిల్ల బొమ్మ, కుండ పట్టిన బొమ్మ. అంచున, చూస్తూ నిలబడ్డట్టు తెరకు ముళ్లతో గుచ్చిన మూడు బొమ్మలు. కుండ వంగింది. ఆట ఆగింది.

"ఇప్పుడేం చెయ్యాలి? చెప్పొద్దు. వచ్చి ఆడించండి."

ఒకడు వచ్చి ఆడపిల్ల బొమ్మ చేత దండం పెట్టించాడు. కుండ బొమ్మ హనుమక్క చేతిలో ఉంది. "ఏడువు, ఇంకా పోస్తా!" అంది.

"ఇప్పుడేం చెయ్యాలి? చెప్పొద్దు. వచ్చి ఆడించండి."

ఇంకొకడు వచ్చి ఆడపిల్ల బొమ్మ చేత కుండ బొమ్మను కొట్టించాడు. "మా నాయనతో చెప్తా. రేపటికి మీ గుడిసె ఉండదు!" అంది కుండ బొమ్మ.

వీరభద్రం పళ్లు కొరుకుతున్నాడు. గంగి తలుపు వైపు చూస్తోంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" హనుమక్క మూడోసారి అడిగింది.

కామాక్షి లేచింది. అందరికంటే గట్టిగా నవ్వే పిల్ల. ఆడపిల్ల బొమ్మను ముట్టలేదు. అంచున ఉన్న బొమ్మ ముల్లు పీకి, దాన్ని నడిపించుకొచ్చి కుండకు అడ్డంగా నిలబెట్టింది.

"కుండ కింద పెట్టు. తనే ముంచుకుంటుంది."

"చెప్పడానికి నువ్వెవతివే?" అంది కుండ బొమ్మ.

"రోజూ నవ్వేదాన్ని."

ఎవరో వచ్చి రెండో ముల్లు పీకారు. ఎవరో వచ్చి మూడో ముల్లు పీకారు. హనుమక్క కుండ బొమ్మ చేత కుండ కింద పెట్టించింది.

"ఆపండి!" వీరభద్రం అరిచాడు. ఎవరూ అతని వైపు తిరగలేదు. కామాక్షి వెళ్లి బడి కుండ పక్కన నిలబడింది. గంగి లేచి, చెంబు ముంచి, గటగటా తాగింది. వీరభద్రం ఆ రోజు ఆ కుండ నీళ్లు తాగలేదు. మర్నాడూ తాగలేదు. మూడో రోజు దాహం ఆగక తాగాడు.

గంగి బడి మానలేదు. హనుమక్కను మాత్రం ఆట ఆడిన సాయంత్రమే కరణం మనుషులు ఊరు దాటించారు. బొమ్మలు కాల్చేశారు. ఆమె ఎక్కడ కన్నుమూసిందో నాకు తెలియదు. కల్పించి చెప్పను.

ఇప్పటికీ ఆ వైపు బళ్లలో ఎవరినైనా ఏడిపిస్తుంటే, చూస్తున్న వాళ్లలో ఒకరు "ముల్లు తీశా" అంటూ లేస్తారు. హనుమక్క పేరు తలుచుకుని ఇంకొకరు లేస్తారు.

ఈ కథ మీ పక్కన కూర్చునే వాళ్లకు చెప్పండి. పేర్లు మరిచిపోతే మీ పేర్లు పెట్టుకోండి. కామాక్షి రోజూ నవ్వేదన్న మాట మాత్రం తీసెయ్యకండి.