మంచుబొట్టు రాలేదాకా

మసకకోన అనే అడవి ఒకటుంది. చుట్టూ కొండలు, మధ్యలో లోయ. పొద్దున పూట ఆ లోయలోకి మంచు దిగితే చెట్టుకు చెట్టు కనబడదు. ఎవరు నడిచినా కలలో నడుస్తున్నట్టే ఉంటుంది. అక్కడ కణుజులు, అడవిపందులు, ఎలుగుబంట్లు, కుందేళ్లు, కప్పలు, తాబేళ్లు కలిసి బతికేవి. సింహం మాత్రం లేదు. ఎప్పుడో ఒకటి వచ్చిందట, మంచులో దారి తప్పి అటే పోయిందట. మళ్లీ రాజు కావాలని ఎవరూ అడగలేదు.

రాజు లేడు కాబట్టి ఏ అవసరం వచ్చినా జంతువులే కూడి మాట్లాడుకునేవి. లోయ నడుమ ఎత్తయిన బండ ఒకటి ఉంది. దాన్ని పలుకుబండ అనేవారు. ఏదైనా చెప్పదలచినవాళ్లు ఆ బండ ఎక్కి చెప్పాలి. ఆ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

ఎక్కగలిగినవి ఎన్ని? తాబేలుకు కాళ్లు అందేవి కావు. కుందేలు సగం దాకా ఎక్కి జారేది. కొండముచ్చు మాత్రం ఒక్క గెంతులో ఎక్కేది. ఎక్కిందంటే ఇక దిగేది కాదు.

కొండముచ్చు చెడ్డదేమీ కాదు, పిల్లలూ. పులి వాసన తగిలితే ముందుగా అరిచి అందరినీ కాపాడేది అదే. కానీ నోరున్నవాడిదే రాజ్యమని నమ్మింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. అది బండ మీద మాట్లాడుతున్నంతసేపూ కింద కూర్చున్న కుందేలు తన కాళ్లు తానే తడిమి చూసుకునేది.

ఆ అడవిలో ఒక అలుగు కూడా ఉండేది. దాని ఒంటినిండా పొలుసులు. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. దానికి పెద్ద గొంతులంటే భయం. ప్రతి సమావేశానికీ అందరికంటే ముందే వచ్చేది. కొండముచ్చు "హుప్" అనగానే తల పొట్టలో దాచుకుని బంతిలా చుట్టుకుపోయేది. అంతా అయిపోయాక విప్పుకుని ఇంటికి పోయేది. దాని మనసులో ఏముందో అడగాలని ఎవరికీ తోచలేదు.

ఒక ఏడు వానలు సరిగా పడలేదు. ఎండలు ముదరకముందే వాగు ఎండిపోయింది. పొద్దుటి మంచుకు నాలుకలు తడిసేవి గాని దాహం తీరేది కాదు. జంతువులన్నీ పలుకుబండ దగ్గర చేరాయి.

కొండముచ్చు బండెక్కింది. "ఆ కొండల అవతల కొంగలమడుగు ఉంది. దారి నాకు తెలుసు. రేపు పొద్దున్నే అందరం బయలుదేరాలి," అంది.

కణుజు అంటే పెద్ద జింక. గుంపులో వెనకగా నిలబడిన ఒక తల్లి కణుజు మెల్లగా అంది: "కొండముచ్చు బావా, నా బిడ్డ మొన్ననే పుట్టింది. కాళ్లింకా వణుకుతున్నాయి. ఆ కొండలు దాటలేదు."

"కింద నుంచి మాట్లాడితే ఎలా? బండెక్కి చెప్పు."

కణుజు బండ మీద గిట్టలు ఆనించింది. జారింది. కొందరు నవ్వారు.

"రాలేనివాళ్లు ఉండిపోండి," అని కొండముచ్చు తేల్చేసింది.

కణుజుకు దుఃఖం పొంగుకొచ్చింది. బిడ్డను వదిలి వెళ్లడం తన వల్ల కాదు. ఇక్కడే ఉంటే గుక్కెడు నీళ్లు లేక బిడ్డా తనూ పోతారు. చుట్టూ చూసింది. తాబేలు తాత మెడ లోపలికి లాక్కుని ఉన్నాడు. అలుగు చుట్టుకుపోయి ఉంది. ఇంతమందిమి వచ్చాం, మాట్లాడింది మాత్రం ఒక్కరే కదా అనుకుంది.

"బావా, వెళ్లేముందు రేపు మంచులో ఇంకొక్కసారి కూర్చుందాం," అని అడిగింది.

సమావేశమంటే కొండముచ్చుకు కాదనే అలవాటు లేదు.

మర్నాడు మంచు పాలమీగడలా దట్టంగా పట్టింది. కణుజు అందరినీ బండకు దూరంగా, విస్తర్లు కుట్టే ఆకుల అడ్డతీగ కింద గుండ్రంగా కూర్చోమంది. ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఎవరికీ తెలియలేదు. కుందేలు ఒక పొదకు ఆనుకుని వెచ్చగా కూర్చుంది. ఆ పొద ఎలుగుబంటి అని దానికి చాలాసేపటికి గాని తెలియలేదు.

కొండముచ్చు అలవాటు కొద్దీ బండెక్కింది. "నేనిక్కడున్నాను," అని అరిచింది.

"ఏమీ కనబడటం లేదు, బావా. దిగిరా," అంది ఎలుగు.

అది సణుక్కుంటూ దిగివచ్చింది. అప్పుడు కణుజు చెప్పింది: "ఈ అడ్డాకు కొసన మంచు చేరుతోంది. ఒకరు మాట్లాడాక ఒక బొట్టు రాలాలి. అది రాలాకే ఇంకొకరు నోరు విప్పాలి. మాట్లాడాలని లేకపోతే ఊరికే కూర్చోండి. వినడానికి వచ్చినా మనవాళ్లే."

కొండముచ్చే మొదలుపెట్టింది. కొంగలమడుగు గురించి చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పబోయింది.

"ఇంకా బొట్టు రాలలేదు, బావా," అంది ఎలుగు.

అందరూ ఆకు కేసి చూశారు. ఆకు ఈనెల వెంట మంచు మెల్లగా జారి కొసకు వచ్చింది. అక్కడ ఉబ్బింది. వేలాడింది. రాలాలా వద్దా అన్నట్టు ఆగింది. తర్వాత ఎండుటాకు మీద టప్పున పడింది. ఎవరూ మాట్లాడలేదు. ఇంకో బొట్టు చేరడం మొదలైంది.

ఆ నిశ్శబ్దం కొండముచ్చుకు ఒంటి మీద చీమలు పాకినట్టు అనిపించింది. "బొట్లు చూస్తూ కూర్చుంటే గొంతులు తడుస్తాయా? నేను వెళుతున్నాను. బుద్ధి ఉన్నవాళ్లు నా వెనకే రండి," అంది.

"ఉండు బావా, నీ మాట కూడా కావాలి మాకు," అంది కణుజు.

కొండముచ్చు వినలేదు. మంచులో కలిసిపోయింది.

మళ్లీ బొట్టు రాలింది. "ఇంకా నోరు విప్పనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని కణుజు అడిగింది. అడిగి ఊరుకుంది. తొందరపెట్టలేదు. మరో బొట్టు రాలింది. అప్పుడు పొలుసులు ఒకదానితో ఒకటి రాసుకున్న చప్పుడు వినిపించింది. అలుగు విప్పుకుంటోంది.

"నేను మాట్లాడొచ్చా?" అందది.

"నీ కోసమే ఆగాం, తమ్ముడూ."

"నీళ్ల సంగతి నాకు తెలియదు. మద్దిచెట్టు కింది పుట్టలో చెదలు ఇప్పటికీ తడిమట్టి తెస్తున్నాయి. ఎక్కడి నుంచి తెస్తున్నాయో మరి."

బొట్టు రాలింది.

"ఆ చెట్టు దగ్గర నా ముట్టెకు నేల మెత్తగా తగిలింది. దుంప దొరకలేదని వదిలేశాను," అంది అడవిపంది.

బొట్టు రాలింది.

"ఎండాకాలమంతా నేను పడుకునేది అక్కడి రాళ్ల కిందే. పొట్టకు చల్లగా ఉంటుంది. ఇది చెప్పాల్సిన సంగతని అనుకోలేదు," అంది కప్ప.

చాలా బొట్లు రాలాయి. చివరికి తాబేలు తాత గొంతు వినిపించింది. "నా చిన్నప్పుడు అక్కడ ఊట ఉండేది. కొండచరియ జారి మూసుకుపోయింది. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. మెడ బయటికి తీసేలోపు సమావేశం అయిపోయేది."

ఎవరూ నవ్వలేదు. అందరూ లేచి మద్దిచెట్టు దగ్గరికి నడిచారు. పుట్ట జోలికి పోకుండా పక్కన తవ్వారు. అలుగు గోళ్లతో గీరింది. పంది ముట్టెతో ఎత్తింది. ఎలుగు రాళ్లు దొర్లించింది. కుందేలు మట్టిని వెనక్కి తన్నింది. నాలుగు కాళ్లూ ఉన్నాయని ఆ రోజు దానికి నమ్మకం కుదిరింది. ముందు బురద వచ్చింది. తర్వాత తేట నీళ్లు ఊరాయి. వణుకుతున్న కాళ్ల మీద నిలబడి కణుజు పిల్ల మొదటి గుక్క తాగింది. దాని తల్లి కళ్లు చెమర్చాయి.

ఆ సమయానికి కొండముచ్చు కొండదారిలో నడుస్తూ గట్టిగా మాట్లాడుతోంది. అడవి అంతా తన వెనకే వస్తోందని అనుకుంది. ఎవరూ అడ్డు చెప్పడం లేదని సంతోషించింది కూడా. ఎండెక్కి మంచు విడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే దారి ఖాళీగా ఉంది.

తిరిగి వెళ్లడానికి మొహం చెల్లలేదు. అలాగే కొండలు దాటింది. కొంగలమడుగులో కొంగలూ లేవు, నీళ్లూ లేవు. పగిలిన బురద మాత్రం ఉంది.

ఇక్కడ మసకకోనలో సమావేశాలు సాగుతూనే ఉన్నాయి. కణుజు పెద్దరికం తీసుకోలేదు. ఆకును చూసే పని ఒకసారి కప్పది, ఒకసారి పందిది. పలుకుబండ మీద బల్లులు ఎండ కాచుకునేవి.

ఒక పొద్దున ఆ పని కుందేలుకు వచ్చింది. "ఇంకా నోరు విప్పనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. బొట్టు రాలింది. వలయం వెలుపల మంచులో ఏదో కదిలింది. ఎవరూ తల తిప్పి గుచ్చి చూడలేదు. అలుగు పక్కకు జరిగి చోటిచ్చింది.

చిక్కిపోయిన కొండముచ్చు వచ్చి ఆ చోట కూర్చుంది. కుందేలు ఆగింది. అందరూ ఆగారు. ఒక బొట్టు రాలింది, మరొకటి రాలింది.

"కొంగలమడుగు ఎండిపోయింది," అంది కొండముచ్చు, ఎండుటాకు కదిలినంత మెల్లగా. తర్వాత మళ్లీ బొట్టు రాలేదాకా ఆగింది. "నాకు దాహంగా ఉంది."

అలుగు చుట్టుకుపోలేదు. "ఊట ఇటు, బావా," అని ముందు నడిచింది. కొండముచ్చు దాని వెనకే నడిచింది.

నీతి: ఒక్క గొంతే వినబడే చోట కాళ్ల కింది నీళ్లు కూడా కనబడవు, మెల్లగా పలికేవారి కోసం ఆగే సభకు దారి దొరుకుతుంది.