వెళ్ళిరామ్మ తల్లి వెలసిన కథ

గోదావరి రెండు పాయలుగా చీలే చోట, కందలంక ఎగువ కొసన, గోడలూ తలుపులూ లేని అరుగు మీద వెళ్ళిరామ్మ తల్లి కొలువై ఉంది. గుడి నాలుగుసార్లు కట్టారు. నాలుగుసార్లూ ఏరు తీసుకుపోయింది. ఆ తర్వాత ఎవరూ కట్టలేదు. తల్లి ముఖం ఏటి వైపే ఉంటుంది. పైకెత్తిన కుడిచెయ్యి అభయహస్తమని కొత్తగా వచ్చినవారు అనుకుంటారు. అది సాగనంపే చెయ్యి.

పూర్వం ఇక్కడ అచ్చియ్యమ్మ అనే ఆమె మిరపతోట వేసుకుని బతికేది. ఆమెకు ఆదెమ్మ ఒక్కతే కూతురు. లంకవారు వరదను వరద అనరు, ఆడపడుచు అంటారు. నీరు గడప తాకితే పసుపు కుంకుమలు ఇవ్వడం, నీరు తగ్గి తీసేనాడు మర్యాదగా సాగనంపడం ఇక్కడి ఆచారం.

ఒక శ్రావణంలో నీరు చూరు దాకా వచ్చింది. పాడిగేదె కొట్టుకుపోయింది. తోట ఇసుకమేట అయింది. నాలుగోనాటి తెల్లవారుజామున అచ్చియ్యమ్మకు కలలో, తడిసిన పసుపుచీరతో ఒక స్త్రీ కనిపించింది. "ఇవాళ వెళుతున్నాను. సాగనంపుతూ నువ్వు ఏ మాట అంటే దానికే కట్టుబడతాను" అని చెప్పింది.

కల సంగతి విని, పడవ నడిపే మరిది సింహాద్రి ఎగిరి గంతేశాడు.

"ఇంకేం వదినా! పో అనెయ్యి. ఇక ఈ లంక మొహం చూడదు."

"ఇంటి ఆడపడుచుని పో అంటార్రా? లోపల నెలలు నిండిన పిల్లని పెట్టుకుని అదేం మాట!"

"నన్ను రోజుకు పదిసార్లు పొమ్మంటావు, దాన్ని అనడానికి నోరు రాదా?"

నీరు గడప దిగాక అచ్చియ్యమ్మ పసుపు పట్టుకుని గడపలో నిలబడింది. చివరికి పో అనాలనే అనుకుంది. కానీ పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాటే నోట వచ్చింది.

"వెళ్ళి రా తల్లీ."

ఏరు వెళ్ళింది. మరుసటి శ్రావణానికి మాట తప్పకుండా వచ్చింది. ఆదెమ్మనూ చంటిబిడ్డనూ గట్టుకు చేరుస్తుండగా పడవ నడి ఏట్లో తిరగబడింది. సింహాద్రి ఒక్కడే తెడ్డు పట్టుకుని ఒడ్డున పడ్డాడు. మూడు రోజులు వెతికినా తల్లీబిడ్డల జాడ తెలియలేదు.

నీరు తీసేనాడు సింహాద్రి వదిన కాళ్ళు పట్టుకున్నాడు. "ఇప్పుడైనా అను వదినా."

ఇప్పుడామెకు నోరు వచ్చింది. పో అనబోయి ఆగింది.

"నా పిల్ల ఆ నీళ్ళలోనే ఉందిరా. ఏటిని పొమ్మంటే అదీ పోతుంది."

చెయ్యెత్తి, "వెళ్ళి రామ్మా" అంది. ఏటితో అందో కూతురితో అందో ఎవరూ అడగలేదు. ఆ ఎత్తిన చెయ్యి మళ్ళీ దించలేదు. నీరు పూర్తిగా తీశాక జనం వచ్చి చూస్తే అక్కడ ఈ శిల ఉంది.

నేటికీ నీరు తీసేనాడు లంక ఆడవారంతా బురదలో నిలబడి ఆ మాటే అంటారు. పో అనగలిగిన ఇల్లు ఇక్కడ ఒక్కటీ లేదు. ప్రతి ఇంటివారూ ఏటిలో ఒకరిని వదులుకున్నవారే. తర్వాత ఒక్కొక్కరూ తమవారి పేర్లు పైకి చెబుతారు. ఒక్క పేరు మరిచినా ఆ మనిషి రెండోసారి మునిగినట్లేనని పెద్దలు భయపడతారు. ఏటేటా ఆ వరస పొడుగవుతోంది.

దూరప్రయాణం చేసేవారు ఇక్కడ పసుపు సమర్పిస్తే క్షేమంగా తిరిగి వస్తారని నమ్మకం. వరద రాకూడదని మాత్రం ఎవరూ మొక్కరు. ఏటి తల్లి తిరిగి రావడం ఏ ఏడూ తప్పలేదు. ఆదెమ్మ ఇంకా రాలేదు.