కొండముచ్చు వేసుకున్న సూది

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త అచ్చియ్యమ్మ. ఆవిడ చెప్పినట్టే చెబుతాను, ఒక్క మాట అటూ ఇటూ కానివ్వను. మధ్యలో పకపకలాడేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేసి రండి.

తూర్పు కనుమల్లో అనగనగా ఒక అడవి. అందులో ఒక కొండముచ్చు, ఒక ఎలుగుబంటి. రెండూ వీపున సంచులు తగిలించుకుని ఆసియా అంతా నడిచి చూద్దామనుకున్నాయి. బర్మా దాటి, సయాం దాటి, చైనా దాకా. ఏడాది దారి. చైనాలో నలుపూ తెలుపూ కలిసిన ఎలుగుబంట్లు ఉంటాయట. ఆ చుట్టాల్ని ఒక్కసారి చూడాలని మన ఎలుగుబంటికి పుట్టెడు ఆశ.

బయల్దేరడానికి నెల ముందు రెండూ ముళ్లపంది డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాయి.

"మూడే మాటలు," అంది డాక్టరమ్మ. "ఇవాళే సూది వేసుకోండి. దారిలో నీళ్లు కాచి తాగండి. పడుకునేటప్పుడు దోమతెర కట్టుకోండి. అర్థమైందా?"

"ఓ, అయింది!" అంది కొండముచ్చు.

"నాకు కాలేదమ్మా," అంది ఎలుగుబంటి. "సూది ఎక్కడ వేసుకోవాలి? నీళ్లు ఎంతసేపు కాచాలి? తెర దేనికి కట్టాలి?"

కొండముచ్చు పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒరే బొచ్చు మొద్దూ! అన్నం ఏ చేత్తో తినాలో కూడా అడుగు, చెబుతుంది!"

ఆ జవాబులు వినడం తనకు నామోషీ. అందుకని బయటికొచ్చేసింది.

సరే, నడిచాయి. బర్మాలో ఒక వాగు తగిలింది. కొండముచ్చు కుండలో నీళ్లు పట్టింది. కర్ర పట్టుకుని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కుండ పక్కనే కూర్చుంది.

"ఏం చేస్తున్నావు బావా?"

"కనబట్టంలేదూ? నీళ్లు కాస్తున్నా. ఈగనైనా వాలనివ్వలేదు."

"కాచడమంటే కాపలా కాదు బావా. పొయ్యి మీద మరగబెట్టడం."

"నాకు పాఠాలా? నువ్వా?" అని కొండముచ్చు గటగటా తాగేసింది. దారి పొడుగునా అదే వరస.

సయాం చేరాక దోమలు ముసిరాయి. కొండముచ్చు దోమతెర తీసి నడుముకు పంచెలా కట్టుకుంది. కుచ్చెళ్లు కూడా పోసుకుంది.

"బావా, అది పడక చుట్టూ కట్టేది!"

"కట్టుకోమంది, కట్టుకున్నా. కుచ్చెళ్లు కుదిరాయా లేదా, అది చెప్పు."

తెల్లారేసరికి పంచె లేని చోటల్లా దద్దుర్లే.

చైనా ఇంకా నాలుగు రోజుల దారి ఉందనగా కొండముచ్చు కూలబడిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. అక్కడ వైద్యం చేసే కొంగ నాడి చూసి, "పాడు నీళ్ల జ్వరం. సూది వేసుకోలేదా?" అంది.

"వేసుకున్నా!"

"ఎక్కడ?"

కొండముచ్చు వణుకుతూ సంచి చూపించింది. అడుగున ఒక ముల్లు ఉంది. "డాక్టరమ్మ గుమ్మంలో రాలితే ఏరుకుని, ఆ రోజే సంచిలో వేసుకున్నా."

కొంగకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మందిచ్చి, "రెండు నెలల్లోపు కదిలితే ప్రాణం పోతుంది. పక్కన ఒకరుండి మరిగిన నీళ్లు పట్టాలి. అప్పటికి కొండల మీద మంచు పడి చైనా దారి మూసుకుపోతుంది," అంది.

ఎలుగుబంటి కొండలవైపు చాలాసేపు చూసింది. తర్వాత సంచి దించి, మూడు రాళ్లు తెచ్చి పొయ్యి పేర్చింది.

"నువ్వెళ్లరా. నీ చుట్టాల్ని చూసిరా," అంది కొండముచ్చు.

"వెళ్తే నీళ్లెవరు కాస్తారు బావా? నువ్వు మళ్లీ కర్ర పట్టుకుని కూర్చుంటావు."

కొండముచ్చు నవ్వలేదు. మెల్లగా అడిగింది: "ఎంతసేపు మరగాలి బావా?"

కొండముచ్చు బతికింది. ఎలుగుబంటి మాత్రం ఆ చుట్టాల్ని చూడలేదు.

నీతి: తెలియనిది అడిగితే ఒక్క పూట నవ్వుతారు. అడగకపోతే పక్కవాడి దారి కూడా మూసుకుపోతుంది.

మా ఊరి బడి గోడ మీద ఈ కథకు బొమ్మలు వేయించిన పంతులు దోమతెర పంచెను ఎలుగుబంటికి కట్టించాడు. తప్పని చెప్పాను, వినలేదు. పదకొండేళ్లుగా ఆయనతో నాకు మాటల్లేవు. మీలో కుంచె పట్టడం వచ్చినవాళ్లు ఎవరైనా వెళ్లి, ఆ పంచె విప్పి కొండముచ్చుకు కట్టండి.