నిద్రలో భుజం జారిన కొండ

ఒకప్పుడు కొండలకు భుజాలు లేవు. అలా చూస్తారేం, నిజమే చెబుతున్నాను. పైన తల, కింద ఒళ్ళు, అంతే. గోడ కట్టినట్టు నిలువుగా, బిర్రబిగుసుకుని నిలబడి ఉండేవి. వాటి మీద కాసేపు కూర్చుందామన్నా చోటు ఉండేది కాదు. కూర్చునే చోటే లేకపోతే చుట్టూ ఏముందో ఎవరు చూస్తారు? ఎవరూ చూడలేదు. అంత అందమైన దేశం ఎలా ఉంటుందో అందులో పుట్టినవాళ్ళకే తెలీదు.

ఆ దేశం మనకి చాలా దూరం. అక్కడ ఎటు తిరిగినా మంచుకొండలే. కొండల నడుమ లోయలు, లోయల్లో ఊళ్ళు, ఊళ్ళలో మనుషులకన్నా ఆవులెక్కువ. ఆ ఆవులు చలికాలమంతా కొట్టంలో ఎండుగడ్డి నములుతూ విసుక్కుంటూ పడుంటాయి. పైన మంచు కరిగి పచ్చిక మొలిచిందా, ఇక వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. మెడలో గంటలు మోగించుకుంటూ కొండల నడుమ ఎత్తులో ఉన్న పచ్చికబయళ్ళకి బయల్దేరతాయి.

వాటితోపాటు ఇంటికొకరు వెళ్ళాలి. అక్కడ చెక్క గుడిసెలో ఉండి పాలు పితకాలి, కాచాలి, చీజ్ చేయాలి. మళ్ళీ చలి మొదలయ్యేదాకా కిందికి దిగడానికి లేదు. ఒక్క పూట దిగినా పాలన్నీ విరిగిపోతాయి, ఆవులు పొదుగు నొప్పితో గోలపెడతాయి.

ఆ ఏడు ఆనెలీ వెళ్ళాల్సి వచ్చింది. ఆమె భర్తకి కింద గడ్డికోత పని. ఆ గడ్డి కోసి ఎండబెట్టకపోతే చలికాలం ఆవులకి తిండుండదు. ఎవరో ఒకరు పైకి పోవాలి కదా, తను వెళ్తానంది. అందిగానీ, గుమ్మం దాటబోయి మళ్ళీ లోపలికి వచ్చేసింది. ఎందుకంటే ఆనెలీకి లేనీ అని ఒక చంటి కూతురుంది. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. ఇవాళో రేపో తప్పటడుగులు వేస్తుంది. చలికీ, రాళ్ళకీ అంత చిన్నపిల్లని పైకి తీసుకెళ్ళలేదు. అత్తగారు బ్రిగీతా ధైర్యం చెప్పింది. రోజూ పిల్లకి ఎర్రగౌను వేసి పెరట్లో ఆడిస్తాననీ, దిగులు పెట్టుకోవద్దనీ చెప్పి పంపింది. దిగులు పెట్టుకోవద్దంటే మానేస్తారా ఎవరైనా?

పైకి వెళ్ళాక ఆనెలీ చేసిన మొదటి పని ఇల్లెక్కడుందా అని వెతకడం. ఏదీ, ఎక్కడ కనిపిస్తుంది? గుడిసెకీ ఊరికీ సరిగ్గా మధ్యలో ఒక లావుపాటి కొండ నిలబడి ఉంది. దాని పేరు గుమ్మటం. ఆనెలీ ఎడమవైపు పరిగెత్తి చూసింది, గుమ్మటమే. కుడివైపు పరిగెత్తి చూసింది, గుమ్మటమే. కాలివేళ్ళ మీద నిలబడింది, చెట్టెక్కింది, చివరికి గుడిసె కప్పు కూడా ఎక్కింది. ఎక్కడినుంచి చూసినా గుమ్మటమే. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఇక్కడ మీకు ఆ ఊరివాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఆవుల్ని కాసేవాళ్ళు పొద్దుగుంకే వేళకి గుడిసె బయటికొచ్చి నిలబడతారు. పాలు వడపోసే చెక్క గరాటా ఉంటుంది చూడండి, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా పిలుస్తారు. ముందు ఆవుల పేర్లు, తర్వాత నీళ్ళ ఊట పేరు, ఆ తర్వాత చుట్టూ ఉన్న కొండల పేర్లు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, ఇవాళ్టికి అంతా క్షేమం, హాయిగా పడుకోమని చెబుతారు. ఆ పిలుపు వింటేగానీ ఆవులు పడుకోవు. కొండలైనా అంతే.

ఆ సాయంత్రం ఆనెలీ అన్ని పేర్లూ పిలిచింది. వెండికొమ్ము కొండని పిలిచింది, జంటపళ్ళ కొండని పిలిచింది. గుమ్మటాన్ని మాత్రం పిలవలేదు. దారికి అడ్డంగా నిలబడ్డదాన్ని ముద్దుగా జోకొట్టి పడుకోబెట్టాలా అనుకుంది. గరాటా లోపల పెట్టేసి తలుపు వేసుకుంది.

పాపం గుమ్మటం ఎదురుచూసింది. మర్చిపోయిందేమో, గుర్తొచ్చి మళ్ళీ బయటికొస్తుందేమో అనుకుంది. తెల్లారిపోయింది. మర్నాడూ పిలుపు లేదు, ఆ మర్నాడూ లేదు. నిద్రలేని కొండ ఎలా ఉంటుందో తెలుసా? నిద్ర పట్టక మీరు మంచం మీద ఎలా దొర్లుతారో అలాగే కదులుతుంది. కదిలితే రాళ్ళు దొర్లుతాయి. రాళ్ళు దొర్లితే ఊటలో నీళ్ళు బురదవుతాయి. మబ్బులు దాని తల మీద వాలబోయి, అది చిరాగ్గా తల విదిల్చేసరికి హడలిపోయి లేచిపోయేవి.

ఆవులకి కూడా నిద్ర కరువైంది. మందలో పెద్ద ఆవు బ్లూమా. దానికి నోరెక్కువ. ఒకరోజు ఆనెలీ పాలు పితకడానికి కూర్చుంటే చెంబులో అడుగుకి కూడా చాలలేదు. ఆనెలీ ఏమైందే అని అడిగింది. బ్లూమా ఆ అవకాశం కోసమే కాచుకుని ఉన్నట్టుంది, దులిపేసింది. రాత్రంతా ఆ కొండ దొర్లుతుంటే తాము రెప్ప వాల్చిందెప్పుడనీ, నిద్రలేకుండా పాలెక్కడినుంచి వస్తాయనీ, మీ ఇద్దరి మధ్యా ఏం గొడవుందో తేల్చుకోమనీ చెప్పి, మొహం అటు తిప్పుకుని గడ్డి మేయడం మొదలుపెట్టింది.

ఆవు చేత చివాట్లు తిన్నాక ఆనెలీకి కాస్త సిగ్గేసింది. అయినా కోపం పోలేదు. నడుం బిగించి గుమ్మటం పాదాల దగ్గరికి వెళ్ళి నిలబడింది. కొండే ముందు మాట్లాడింది. ఆ గొంతు బండరాళ్ళ అడుగునుంచి మెల్లగా వచ్చింది.

"నా పేరెందుకు పిలవడం లేదు, ఆనెలీ? నేనేం తప్పు చేశాను?"

"అడ్డంగా నిలబడ్డావు. నీ వెనకాల నా కూతురుంది. అది ఇవాళో రేపో నడుస్తుంది. నేను చూడలేను."

 కొండ అంది, "నా వెనకాల ఏముందో నాకెలా తెలుస్తుంది తల్లీ? పుట్టినప్పటినుంచీ ఇటే తిరిగి నిలబడ్డాను. వెనక్కి తిరగడం నాకు రాదు. అక్కడొక పాప ఉందని నాకెవరూ చెప్పలేదు."

 నిజమే కదా అనుకుంది ఆనెలీ. రోజూ దాన్ని తిట్టుకుందేగానీ ఒక్కరోజైనా విషయం చెప్పిందా? ఆమెకి గుమ్మటం మీద జాలేసింది. ఇంతకాలం ఊరికి వీపు పెట్టి నిలబడి, అక్కడి ఇళ్ళు గానీ పిల్లలు గానీ ఎలా ఉంటారో చూడకుండానే గడిపేసింది పాపం. అక్కడే కూర్చుని లేనీ గురించి మొత్తం చెప్పింది. దాని బుగ్గలెలా ఉంటాయో, కోపమొస్తే ఎలా మూతి ముడుస్తుందో, గోడ పట్టుకుని ఎలా ఊగుతుందో అన్నీ చెప్పింది. కొండ కదలకుండా విన్నది.

ఆ సాయంత్రం ఆనెలీ గరాటా తీసుకుని బయటికొచ్చింది. ఆవుల పేర్లకన్నా ముందు, ఊటకన్నా ముందు, నిండా ఊపిరి తీసుకుని గట్టిగా గుమ్మటం పేరు పిలిచింది. ఇవాళ్టికి అంతా క్షేమం, హాయిగా పడుకో అంది. ఇల్లు కనిపించినా కనిపించకపోయినా సరే, నిన్ను మాత్రం ఇక వదిలిపెట్టను అని కూడా అంది.

అన్నాళ్ళుగా నిద్రలేని కొండ కదా, ఆ మాట వినడమే ఆలస్యం, గుర్రుపెట్టి నిద్రపోయింది. మీ తాతయ్య కుర్చీలో కూర్చునే కునుకు తీయడం చూశారా? ముందు మెడ వాలుతుంది, తర్వాత భుజం జారుతుంది. గుమ్మటానికీ అదే అయింది. పుట్టినప్పటినుంచీ బిగబట్టుకున్న ఒళ్ళు వదులయింది. తల ఒక పక్కకి ఒరిగింది. రెండో పక్క ఒళ్ళు మెత్తగా కిందికి జారి, వెడల్పుగా, చదునుగా పరుచుకుంది. ఒక్క రాయి దొర్లలేదు. ఆవులన్నీ గాఢంగా నిద్రపోయాయి.

పొద్దున్నే ఆనెలీ తలుపు తీసి చూసేసరికి కళ్ళ నిండా వెలుతురు. ఎప్పుడూ నల్లగా కనిపించే చోట ఆకాశం కనిపిస్తోంది. ఆమె పరిగెత్తింది. పాలు పితకాలన్న సంగతి కూడా గుర్తులేదు, బ్లూమా వెనకనుంచి అరుస్తూనే ఉంది. గడ్డి పట్టుకుని పాకుతూ, ఆయాసపడుతూ కొండ భుజం మీదికి ఎక్కి నిలబడింది.

దేశమంతా అక్కడే ఉంది. కింద నీలంగా ఒక పెద్ద సరస్సు, దాని పక్కన దారంలా మెలికలు తిరిగిన ఏరు, దేవదారు అడవులు, అంతదూరాన మంచు నెత్తిన పెట్టుకున్న కొండలు వరసగా. ఆనెలీ వాటిలో ఒక్కదాన్నీ చూడలేదు. ఆమె కళ్ళు ఒక బూడిదరంగు కప్పుని వెతుక్కున్నాయి. దొరికింది. కప్పు పక్కన పెరడు. పెరట్లో నల్లచుక్కలా బ్రిగీతా. ఆమె ముందు, గోడనానుకుని, చీమంత ఎర్రచుక్క.

ఆ ఎర్రచుక్క గోడ వదిలింది. కాస్త ముందుకొచ్చింది. కూలబడింది. లేచింది. మళ్ళీ ముందుకొచ్చింది. ఈసారి పడకుండా బ్రిగీతా దాకా వెళ్ళిపోయింది.

ఆనెలీ నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది. గొంతెత్తి కూతుర్ని పిలిచింది. ఆ పిలుపు లోయలోకి దిగి పెరట్లో వినపడిందేమో, ఎర్రచుక్క ఆగి తల పైకెత్తింది. గుమ్మటం ఆ సందడికి మేలుకుని, పాప నడిచిందా అని అడిగింది. నడిచింది, చక్కగా నడిచింది అని చెప్పింది ఆనెలీ. భుజం కదిపితే ఆమె పడిపోతుందేమోనని కొండ ఇంకెప్పుడూ దాన్ని పైకి లాక్కోలేదు.

ఆనెలీ రోజూ వచ్చి గుమ్మటం భుజం మీద కూర్చోవడం, నవ్వుకోవడం, దానితో కబుర్లు చెప్పడం మిగతా కొండలు చూశాయి. వాటికీ మనసైంది. ఇంతకాలం ఒంటరిగా నిలబడి ఏం బావుకున్నామని వెండికొమ్ము భుజం దించేసింది. జంటపళ్ళు రెండూ పోటీపడి దించేశాయి. అలా ఒకదాన్ని చూసి ఒకటి, దేశంలోని కొండలన్నీ.

అప్పటినుంచే ఆ దేశంలో ఏ కొండ ఎక్కినా శిఖరానికి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక చదునైన చోటు వస్తుంది. ఎక్కడెక్కడినుంచో జనం అక్కడికి ఎక్కి నిలబడి లోయల్నీ, సరస్సుల్నీ, మంచునీ చూసి మురిసిపోతారు. కానీ మీరు జాగ్రత్తగా గమనించండి. ఎవరైనా సరే, అక్కడికి చేరి ఊపిరి తీసుకున్నాక మొట్టమొదట అడిగేది సరస్సు గురించి కాదు, మంచు గురించీ కాదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి వంగి, "మన ఇల్లెక్కడ?" అంటారు.