గీతకు ఇవతల

గవర్రాజు తన గురువుతో మాట్లాడి రెండు రోజులైంది. కోపం.

గురువు పేరు సూరాడ దానయ్య. ఒకప్పుడు తెప్ప మీద చేపల వేటకు వెళ్లిన మనిషి. నడి వయసులో కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పిట్టలు గుడ్లు పెడతాయి. చుట్టుపక్కల ఊళ్లు లేవు. ఇసుక, సరుగుడు చెట్లు, గాలి. దూరం నుంచి వచ్చేవాళ్లను దానయ్య అక్కడికి తీసుకెళ్లి ఫొటోలు తీయిస్తాడు. గవర్రాజు మూడేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

దానయ్య నియమం ఒకటే. గుడ్లు కనబడిన చోటికి నలభై అడుగుల దూరంలో సరుగుడు పుల్లతో ఇసుక మీద గీత గీస్తాడు. ఆ గీత ఎవరూ దాటకూడదు. అతిథి దాటకూడదు, శిష్యుడు దాటకూడదు, తానూ దాటడు. రాత్రి గాలికి గీత చెరిగిపోతే పొద్దున్నే మళ్లీ గీస్తాడు.

ఆ ఏప్రిల్లో నలుగురు అతిథులు వచ్చారు. వాళ్లలో పెద్ద దివాకర్ గారు. ఫొటో పోటీల్లో తీర్పు చెప్పే మనిషి. వచ్చిన రోజే ఆయన గవర్రాజు భుజం మీద చెయ్యి వేశారు.

"ఇసుక పిట్ట నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి గుడ్లు చల్లబరుస్తుంది కదా. ఆ చుక్క గుడ్డు మీద పడుతుంటే తియ్యి. దగ్గర నుంచి తియ్యాలి. పోటీకి ఇంకా నాలుగు రోజుల గడువుంది. నీ పేరు ఢిల్లీ దాకా వెళ్తుంది."

గవర్రాజు గురువును అడిగాడు.

"గీత ఇవతల నుంచి తియ్యి" అన్నాడు దానయ్య.

"ఇక్కణ్ణుంచి పిట్ట ఆవగింజంత కనబడతాది గురువుగారూ."

"అయితే ఆవగింజంతే తియ్యి."

మాటలు అక్కడితో ఆగిపోయాయి.

మూడో రోజు పొద్దున్న గవర్రాజు గీత దాటాడు. గుడ్ల మీదికి వాలిన తీగ ఆకులు ఫొటోకు అడ్డమని, తీగను కోసి పక్కన పడేశాడు. పది అడుగుల దూరంలో బోర్లా పడుకుని కెమెరా సర్దుకున్నాడు. అతిథులు గీత దగ్గర నిలబడి చూస్తున్నారు.

పిట్ట రాలేదు. మనిషిని గుడ్ల దగ్గర్నుంచి తనవైపు లాగడానికి, దెబ్బ తగిలినట్టు రెక్క ఈడ్చుకుంటూ దూరంగా అటూ ఇటూ పరుగెత్తుతోంది. ఎండ ఎక్కుతోంది.

పది గంటలకు దానయ్య టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. ముందు పిట్టను చూశాడు. తర్వాత కోసి పడేసిన తీగను చూశాడు.

"తీగ ఎవరు కోసారు?"

"నేనే. ఆకులడ్డం." గవర్రాజు తల తిప్పలేదు. "మీ గీత నాకొద్దు గురువుగారూ. మూడేళ్లు గీత ఇవతల నిలబడి వచ్చినోళ్ల సంచులు మోసాను. ఇంక మొయ్యను. ఈ ఫొటో తీసే లేస్తాను. తర్వాత పొమ్మంటే పోతాను."

దానయ్య పొమ్మనలేదు. ఫ్లాస్కు కింద పెట్టాడు. తలపాగా విప్పాడు. చొక్కా విప్పి మడిచి దాని పక్కన పెట్టాడు. గీతకు ఇవతల, ఎండలో, ఇసుక మీద బోర్లా పడుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ల వీపు.

"ఏంటీ, పెద్దాయనకి నిద్రొచ్చిందా?" అని ఒక అతిథి నవ్వాడు.

పావుగంట గడిచింది. ఎవరూ నవ్వడం లేదు.

"లేవండి గురువుగారూ" అని కేకేశాడు గవర్రాజు.

"పిట్ట వచ్చీసాక లేస్తాను."

"నన్ను బెదిరిస్తన్నారా?"

"నిన్నేటన్నాను నాయనా? నీ పని నువ్వు చూసుకో."

గవర్రాజు కెమెరాలో చూశాడు. మూడు గుడ్లు. మీద నీడ లేదు. పక్కన ఇసుక మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పెట్టి ఉంచలేక తీసేశాడు.

తల తిప్పాడు. దానయ్య వీపు ఎర్రబడుతోంది.

అతను లేచాడు. కోసిన తీగను తెచ్చి గుడ్ల మీద నీడ పడేలా వాల్చి, ఎగిరిపోకుండా మొదలు ఇసుకలో పాతాడు. కుక్కలు జాడ పట్టకుండా అడుగుల గుర్తులను సరుగుడు కొమ్మతో చెరుపుకుంటూ వెనక్కి నడిచాడు. ఆ చెరపడం కూడా దానయ్య నేర్పిందే.

అతను గీత దాటి ఇవతలికి వచ్చిన కాసేపటికి పిట్ట నీళ్ల దగ్గరికి పరుగెత్తింది. పొట్ట తడుపుకుని వచ్చి ఆకుల కిందికి దూరింది.

దానయ్య లేచి ఒంటికి అంటిన ఇసుక దులుపుకున్నాడు. చొక్కా తొడుక్కుంటుంటే ఒకసారి పళ్లు బిగబట్టాడు. గవర్రాజు వైపు చూడలేదు. ఫ్లాస్కు మూత తీసి టీ వంచుకున్నాడు.

దివాకర్ గారికి ఒళ్లు మండింది.

"ఆకులు మళ్లీ కప్పేశావేంటయ్యా? ఇంత దూరం వచ్చింది ఆకుల ఫొటో తియ్యడానికా? నీకు ధైర్యం లేకపోతే పక్కకి తప్పుకో. నేను వెళ్తాను."

"వద్దు సార్."

"నువ్వెవరు వద్దనడానికి? ఈ పోటీకే కాదు, నేనున్నంతకాలం ఏ పోటీలోనూ నీ ఫొటో నిలవదు. గుర్తుంచుకో."

"గుర్తుంటాది సార్."

గవర్రాజు చొక్కా విప్పాడు. గీత పొడుగునా, దివాకర్ గారి బూట్ల ముందు, అడ్డంగా బోర్లా పడుకున్నాడు. ఇసుక చుర్రుమంది. పళ్లు బిగబట్టాడు.

"ఇప్పుడు దాటండి" అన్నాడు.

దివాకర్ గారు ఒక కాలు ఎత్తారు. ఎత్తిన కాలు అక్కడే ఆగింది. మిగతా ముగ్గురూ కెమెరాలు కిందికి దించారు.

దానయ్య టీ గ్లాసు ఇసుకలో నిలబెట్టాడు. తొడుక్కున్న చొక్కా గుండీలు మళ్లీ ఒక్కొక్కటీ విప్పాడు. శిష్యుడి దగ్గరికి వచ్చి వంగాడు.

"కొంచెం జరుగు" అన్నాడు.